కంపెనీ డేటా: ఉద్యోగి చేతిలోని అమానతు

అమానతు అనగానే మనలో చాలా మందికి గుర్తుకొచ్చేవి దాచమని ఇచ్చిన డబ్బు, నగలు, పొలం కాగితాలు. ఊరెళుతూ పక్కింటివారికి ఇచ్చిన తాళంచెవి కూడా అమానతేనని పెద్దలు చెబుతారు. అయితే నేడు ఒక మామూలు గుమాస్తా చేతిలో ఉన్న అతి విలువైన అమానతుకు బరువు లేదు, చప్పుడు లేదు. అది అతను పనిచేసే కంపెనీ కంప్యూటర్లో ఉన్న వివరాల ఖజానా. దాన్నే డేటాబేస్ అంటున్నాం.

ఈ ఖజానాకు ఒక విచిత్రమైన గుణం ఉంది. దాన్ని ఎత్తుకుపోయినా అది ఉన్నచోటే ఉంటుంది. గల్లాపెట్టెలోంచి వంద నోటు తీస్తే పెట్టెలో వంద తగ్గుతుంది, సాయంత్రం లెక్కలో ఆ సంగతి బయటపడుతుంది. పదివేల మంది పేర్లు, ఫోన్ నంబర్లు, బాకీలు పెన్‌డ్రైవ్‌లోకి ఎక్కించుకుంటే మాత్రం ఖజానాలో ఒక్క అక్షరం కూడా తగ్గదు. ఏమీ తగ్గలేదు కనుక నేనేమీ తీసుకోలేదని మనసు సర్దిచెప్పుకుంటుంది. షైతాన్‌కు ఇంతకంటే సులువైన దారి ఏముంటుంది?

ఈ పాఠంలో రెండు ప్రశ్నలు తీసుకుందాం. కంపెనీ డేటాబేస్ నుంచి ఉద్యోగి ఎంతవరకు డౌన్‌లోడ్ చేసుకోవచ్చు? అతను చేసుకునేదాన్ని యజమాని ఎంతవరకు గమనించవచ్చు, ఎంతవరకు అదుపు చేయవచ్చు? మొదటి ప్రశ్న ఒక్కటే చెబితే యజమానులు సంతోషిస్తారు. రెండోది ఒక్కటే చెబితే ఉద్యోగులు సంతోషిస్తారు. ఇస్లాం ఇద్దరికీ హక్కులిచ్చింది, ఇద్దరికీ హద్దులు గీసింది. కనుక రెండూ చెప్పక తప్పదు.

కోట తీరంలో ఒక జాబితా

నెల్లూరు తీరాన కోట, వాకాడు వైపు వెళ్ళినవారికి రొయ్యల గుంటల సంగతి కొత్తగా చెప్పనక్కరలేదు. 1990ల ఆరంభంలో టైగర్ రొయ్యతో ఊపందుకుని, 1994-95లో తెల్లమచ్చ తెగులు దెబ్బకు కుదేలై, 2009లో వనామీ రొయ్యకు అనుమతి వచ్చాక మళ్ళీ లేచిన సాగు అది. ఇందులో చాలా భాగం అరువు మీదే నడుస్తుంది. మేత, మందులు అప్పు మీద తెచ్చుకుని, పట్టుబడి రోజున లెక్క తీర్చే రైతులు ఎందరో. అందుకే మేత అమ్మే డిపోలో రైతు బతుకంతా నమోదై ఉంటుంది. ఎన్ని ఎకరాలు, ఎప్పుడు సీడు వేశాడు, రోజుకు ఎన్ని కిలోల మేత తీసుకుంటున్నాడు, బాకీ ఎంత, ఏ తారీఖులోగా తీర్చాలి, ఫోన్ నంబరు ఏమిటి, అన్నీ. ఒకప్పుడు ఇవి ఎర్ర అట్ట ఖాతా పుస్తకంలో ఉండేవి. ఆ పుస్తకం ఎత్తుకుపోతే తెల్లారేసరికి ఊరంతా తెలిసేది. ఇప్పుడు అవి కంప్యూటర్లో ఉన్నాయి.

ఇలా అనుకుందాం. అలాంటి డిపోలో పనిచేసే ఒక కుర్రవాడు ఎక్కువ జీతం ఇస్తానన్న ఒక రొయ్యల వ్యాపారి దగ్గర చేరబోతున్నాడు. కొత్త యజమాని మాటవరసకు అన్నట్టుగా, "వచ్చేటప్పుడు పార్టీల లిస్టు పట్టుకొచ్చెయ్ భాయ్" అన్నాడు. కుర్రవాడు ఆ సాయంత్రం ఒక మీట నొక్కాడు. ఎక్సెల్ ఫైలు తయారైంది. అందులో ఎనిమిది వందల మంది రైతులు ఉన్నారు.

పాత యజమానికి కొంత వ్యాపారం పోతుంది, నిజమే. కాని రైతు సంగతి చూడండి. ఇతని బాకీ ఎంతో, గడువు ఎప్పుడో, గుంటలో సరుకు ఎంత ఉందో కొనేవాడికి ముందే తెలిసిపోయింది. గడువు దగ్గర పడినవాడు బేరంలో గట్టిగా నిలబడలేడని కూడా అతనికి తెలుసు. కిలోకు పది రూపాయలు తగ్గించి అడుగుతాడు. ఐదు టన్నుల పట్టుబడి మీద అది యాభై వేలు. పిల్ల పెళ్ళికో, కొడుకు ఫీజుకో దాచుకున్న యాభై వేలు. లిస్టు దింపిన కుర్రవాడు ఆ రైతు ముఖం కూడా చూసి ఉండకపోవచ్చు. ప్రళయదినాన మాత్రం ఆ ముఖం అతని ఎదుట నిలబడి తన హక్కు అడుగుతుంది.

కనుక ఇది యజమానికీ ఉద్యోగికీ మధ్య గొడవ అని సరిపెట్టుకునే వీలు లేదు. డేటాబేస్‌లో ఉన్న ప్రతి వరుస వెనుక మూడో మనిషి ఒకడున్నాడు. అతను తన వివరాలు డిపోను నమ్మి ఇచ్చాడు. డిపో యజమాని కూడా ఆ వివరాలకు పూర్తి సొంతదారు కాదు, ఆయన కూడా కాపలాదారే. అన్నిసా సూరా 58వ ఆయతులో అల్లాహ్ అమానతులను వాటి హక్కుదారులకు అప్పగించమని ఆదేశించాడు. అక్కడ వాడిన మాట బహువచనంలో ఉంది. డబ్బు ఒక్కటే అమానతు కాదనీ, పదవి, రహస్యం, సాక్ష్యం, మాట అన్నీ అందులోకి వస్తాయనీ ఖుర్ఆన్ వ్యాఖ్యాతలు వివరించారు.

ఇంట్లో కూర్చుంటే వచ్చేదా?

"ఈ పార్టీలను సంపాదించింది నేనే కదా, ఎండలో బండి మీద తిరిగి పరిచయాలు పెంచుకున్నది నేనే కదా" అనే వాదన ప్రతి ఉద్యోగి నోటా వినిపిస్తుంది. ఇందులో కొంత నిజం లేకపోలేదు. దాన్ని తేల్చడానికి మనకు ఒక గీటురాయి ఉంది.

దైవప్రవక్త (స) ఒక వ్యక్తిని జకాతు వసూలుకు పంపారు. ఇబ్నుల్ లుత్బియ్యా అని అతన్ని పిలిచేవారు. అతను తిరిగివచ్చి వసూలైనదాన్ని రెండు భాగాలు చేసి, ఇది మీది, ఇది నాకు కానుకగా వచ్చినది అన్నాడు. దైవప్రవక్త (స) మింబర్ ఎక్కి, ఈ మనిషి తన తండ్రి ఇంట్లోనో తల్లి ఇంట్లోనో కూర్చుని ఉంటే ఆ కానుకలు వచ్చేవో లేదో చూసుకోవలసిందని అందరి ఎదుట ప్రశ్నించారు. బుఖారీ, ముస్లిం రెండింటిలోనూ ఉన్న సంఘటన ఇది.

ఈ ప్రశ్నను మన కుర్రవాడికి వేద్దాం. నీవు ఈ ఉద్యోగంలో చేరకుండా ఇంట్లోనే కూర్చుని ఉంటే, ఎనిమిది వందల మంది బాకీల పట్టిక నీ చేతికి వచ్చేదా? రాదు. అది కంపెనీ ఇచ్చిన పాస్‌వర్డ్ వల్ల వచ్చింది. మరి గుంట నీటి రంగు చూసి ఆక్సిజన్ తగ్గిందని పసిగట్టే నేర్పు? అది నీదే, ఎక్కడికైనా తీసుకుపో. పదేళ్ళుగా నిన్ను పేరుపెట్టి పిలిచే నలుగురు రైతుల స్నేహం? అదీ నీదే. రేపు వారు నీ దగ్గరకే వస్తామంటే పాత యజమాని అభ్యంతరం చెప్పేందుకు న్యాయం లేదు, మధ్యలో నీవు రాసిచ్చిన షరతు ఏదీ లేకపోతే. పనిలో నేర్చినదీ, మనుషుల నుంచి పొందినదీ ఉద్యోగివి. యంత్రం నుంచి మీట నొక్కి తీసినది మాత్రం అమానతు. నా దృష్టిలో ఈ గీత చాలా స్పష్టమైనది, మసకగా ఉందనేవారు మసక కావాలని కోరుకునేవారే.

ముస్లిం గ్రంథంలో మరో హదీసు ఉంది. ఏదైనా పనికి నియమితుడైనవాడు ఒక సూదినో, అంతకు మించినదాన్నో తమ నుంచి దాచితే అది ద్రోహమనీ, ప్రళయదినాన దాన్ని మోసుకుని వస్తాడనీ దైవప్రవక్త (స) హెచ్చరించారు. ఆ మాట విన్న ఒక అన్సారీ లేచి, తనకిచ్చిన బాధ్యతను వెనక్కి తీసుకోమని కోరాడు. సూది ఖరీదు ఎంత? ఆ అన్సారీ భయపడింది ఖరీదుకు కాదు.

రూపాయికి ఇరవై ఐదుగురు

ఇది ఊహల్లోని సమస్య అనుకునేవారి కోసం ఒక జరిగిన సంగతి. 2023 మార్చిలో హైదరాబాదు నగరం పక్కన సైబరాబాద్ పోలీసులు ఒక ముఠాను పట్టుకున్నారు. ఆ ముఠా దగ్గర 16.8 కోట్ల మంది వివరాలు ఉన్నాయని ప్రకటించారు. సైనిక సిబ్బంది వివరాలు కూడా అందులో ఉన్నాయి. వారం పది రోజులు తిరగకముందే ఏప్రిల్ 1న మరో వ్యక్తి అరెస్టును ప్రకటించారు. 24 రాష్ట్రాలు, 8 మహానగరాలకు చెందిన 66.9 కోట్ల మంది వ్యక్తులు, సంస్థల వివరాలు అతని వద్ద ఉన్నాయని చెప్పారు. విద్యార్థులు, వాహనదారులు, ఆన్‌లైన్‌లో వస్తువులు కొన్నవారు, పన్ను కట్టేవారు అందరూ ఆ సంతలో సరుకే. మొదటి ముఠా 50,000 మంది వివరాలను 2,000 రూపాయలకు కూడా అమ్మిందని పోలీసులు చెప్పారు. అంటే రూపాయికి ఇరవై ఐదుగురు మనుషులు!

ఇంత సమాచారం ఒకే తలుపు పగలగొట్టి తీసింది కాదు. ఎన్నో ఖజానాల నుంచి జారినది ఒకచోట పోగైంది. అందుకే పోలీసులు ఆ తరువాత పలు సంస్థలకు నోటీసులు పంపి, మీ దగ్గరి వివరాలు బయటకు ఎలా వెళ్ళాయో చెప్పమని అడిగారు. ఆ ప్రశ్నకు సమాధానం ఇవ్వగలిగే సంస్థ ఎలా ఉండాలి? ఎవరు, ఎప్పుడు, ఏ కంప్యూటర్ నుంచి, ఎన్ని వరుసలు దింపారో రాసిపెట్టుకున్న సంస్థ అయి ఉండాలి. రాసిపెట్టుకోనివారు తమ ఉద్యోగుల్లో నిర్దోషులను కూడా కాపాడలేరు. గమనింపు అనేది ఉద్యోగి మీద అపనమ్మకం అని బాధపడేవారు ఈ కోణం కూడా ఆలోచించాలి. దొంగతనం జరిగిన ఇంట్లో లెక్కపత్రం లేకపోతే పనివాళ్ళందరూ దొంగలే అవుతారు. అల్‌బఖరా సూరా 282వ ఆయతు అప్పు లావాదేవీని రాసుకోమని, సాక్షులను పెట్టుకోమని ఆదేశించింది. నమ్మకం లేనివారికి మాత్రమే అని అక్కడ షరతు పెట్టలేదు. రాసుకోవడం నమ్మకానికి శత్రువు కాదు.

తాళం ఎక్కడ వేయాలి?

యజమానుల్లో ఎక్కువమంది ఇక్కడే బోర్లా పడతారు. కెమెరాలు కొంటారు, గేటు దగ్గర సంచులు వెతికిస్తారు. కాని ఆఫీసులో అందరికీ ఒకటే పాస్‌వర్డ్, అదీ కాగితం మీద రాసి మానిటర్‌కు అంటించి ఉంటుంది. అలాంటి చోట ఎన్ని లాగ్‌లు పెట్టినా ఏం లాభం? లాగ్ అంటే కంప్యూటర్ తనంతట తాను రాసుకునే రోజుకూలీ పుస్తకం లాంటిది. అందులో పేరు తప్పయితే మిగిలినదంతా తప్పే. కాబట్టి మొదటి పని ఎవరి లాగిన్ వారికి ఇవ్వడం. ఖర్చు లేని పని ఇది, అయినా చాలా చిన్న కంపెనీల్లో జరగదు.

రెండోది, ఎవరి పనికి ఎంత అవసరమో అంతే చూపించడం. కోట రూటు తిరిగే కుర్రవాడికి కోట రైతులు కనబడితే చాలు, గూడూరు రూటు బాకీలతో అతనికి పనిలేదు. చూడటం వేరు, దింపుకోవడం వేరు, అచ్చు తీయడం వేరు. ఈ మూడింటికీ అనుమతులు విడివిడిగా ఇచ్చే వీలు మంచి సాఫ్ట్‌వేర్లన్నిటిలో ఉంది. ఫోన్‌లో ఒక్కొక్క రైతు ఖాతా తెరిచి చూసే హక్కు ఇచ్చి, మొత్తం పట్టికను ఫైలుగా తీసే హక్కు ఇవ్వకుండా ఉండవచ్చు. ఒకేసారి వందో, రెండు వందలో వరుసలకు మించి తీయాలంటే రెండో మనిషి ఒప్పుకోవాలన్న నియమం పెట్టవచ్చు. బ్యాంకు లాకర్‌కు రెండు తాళాలు ఎందుకుంటాయో మనందరికీ తెలుసు.

గమనింపు ఎలా పనిచేస్తుందో కూడా కొంచెం తెలుసుకుందాం. ప్రతి ఉద్యోగి పనికీ ఒక మామూలు కొలత ఉంటుంది. రోజుకు నలభై యాభై ఖాతాలు తెరిచే మనిషి ఒక రాత్రి పదకొండింటికి నాలుగు వేల ఖాతాలు దింపితే యంత్రం గంట కొడుతుంది. రాజీనామా ఇవ్వబోయే ముందు వారాలను నిపుణులు ప్రత్యేకంగా చూస్తారు. అమెరికాలో డ్రైవరు లేని కార్లు తయారుచేసే ఒక కంపెనీలోని ప్రముఖ ఇంజనీరు 2015 డిసెంబరులో సుమారు 14,000 ఫైళ్ళు దింపుకుని, మరుసటి నెలలో ఉద్యోగం వదిలాడని ఆ కంపెనీ కోర్టుకెక్కింది. ఆ దింపిన సంగతి లాగ్‌ల వల్లే బయటపడింది, కాని ఏడాది గడిచాక! లాగ్ రాయించేవారు చాలా మంది, దాన్ని తెరిచి చదివేవారు తక్కువ. ఇంకో మాట, ఆ లాగ్‌ను చెరిపే అధికారం డేటాబేస్ నడిపే మనిషి చేతిలోనే ఉంటే అది లాగే కాదు. కాపలావాడి హాజరు పుస్తకం కాపలావాడి దగ్గరే పెట్టకూడదు.

కెనడాలోని డెజార్డిన్స్ అనే సహకార ఆర్థిక సంస్థ కథ యజమానులు శ్రద్ధగా వినదగినది. 2019లో బయటపడిన ఆ వ్యవహారంలో చివరకు తేలిన లెక్క సుమారు 97 లక్షల మంది. మార్కెటింగ్ విభాగంలోని ఒక్క ఉద్యోగి, కనీసం 26 నెలల పాటు వివరాలు బయటకు తీశాడు. విచిత్రం ఏమిటంటే అసలు ఖజానాకు తాళం ఉంది. కాని వేరే ఉద్యోగులు తమ పని సులువు కోసం నెలనెలా అందులోంచి వివరాలు తీసి, అందరూ చూడగల ఉమ్మడి ఫోల్డరులో పెట్టేవారు. వారికి దురుద్దేశం లేదు. దొంగ ఆ ఫోల్డరులోంచి తీసుకుని పెన్‌డ్రైవ్‌లోకి ఎక్కించుకున్నాడు. మన ఇళ్ళలో కూడా ఇదే జరుగుతుంది. బీరువాకు తాళం వేస్తాం, నగలు మాత్రం అద్దం ముందు మరచిపోతాం. పని కోసం నిజాయితీగా దింపిన ఫైలు పని అయ్యాక డౌన్‌లోడ్స్ ఫోల్డరులో నెలల తరబడి పడి ఉండటం, కంప్యూటర్ రిపేరుకు పోయినప్పుడు అది కూడా దుకాణానికి పోవడం మన దగ్గర రోజూ జరిగేదే. దాన్ని పని ముగియగానే చెరపడం ఉద్యోగి బాధ్యత. అసలు దింపే అవసరం రాకుండా కావలసిన రిపోర్టు తెర మీదే ఇచ్చే ఏర్పాటు చేయడం యజమాని బాధ్యత. పని జరగకుండా అడ్డుకునే తాళాన్ని మంచివాళ్ళు కూడా పగలగొడతారు.

జాబితాల వ్యాపారంలో ఒక పాత ఉపాయం ఉంది. లిస్టులో ఒకటి రెండు ఉత్తుత్తి పేర్లు వేసి, వాటికి తమ సొంత నంబర్లు పెడతారు. ఆ నంబరుకు బయటివాడి ఫోన్ వస్తే లిస్టు జారిందని తెలిసిపోతుంది. ఇది అబద్ధం కిందకు వస్తుందా అని ఒక సందేహం. లేని మనిషి పేరు రాయడం కంటే, యజమాని తన అన్నదమ్ముల్లో ఒకరి పేరు, నంబరు వారి అనుమతితో చేర్చుకుంటే సరిపోతుంది. పని జరుగుతుంది, సందేహమూ ఉండదు.

చూపుకు కూడా అనుమతి కావాలి

ఇప్పుడు రెండో ప్రశ్నకు వద్దాం. యజమాని ఎంతవరకు చూడవచ్చు?

ఒక మనిషి దైవప్రవక్త (స) ఇంటి తలుపు సందులోంచి లోపలికి తొంగి చూశాడు. ఆ సమయంలో ఆయన చేతిలో తల దువ్వుకునే ఇనుప పుల్ల ఉంది. నీవు చూస్తున్నావని తెలిసి ఉంటే దీనితో నీ కంట్లో పొడిచేవాడినని ఆయన (స) కఠినంగా అన్నారు. అనుమతి కోరే నియమం పెట్టిందే చూపు కోసమని వివరించారు. బుఖారీలో ఉన్న ఈ హదీసు రెండు పక్షాలకూ తగులుతుంది. ఏమీ దింపుకోకుండా, ఆసక్తి కొద్దీ తన బంధువు బాకీ ఎంతుందో, పొరుగింటివాడి జీతం ఎంతో తెరిచి చూసే ఉద్యోగి తలుపు సందులోంచి తొంగి చూసినవాడే. పని పేరు చెప్పి ఉద్యోగి సొంత ఫోన్‌లో భార్యకు పంపిన సందేశాలు చదివే యజమాని కూడా అలాంటివాడే.

అల్‌హుజురాత్ సూరా 12వ ఆయతు అనుమానాలకు దూరంగా ఉండమని, కూపీలు లాగవద్దని విశ్వాసులను ఆదేశించింది. అలాంటప్పుడు లాగ్‌లు చూడటం కూపీ లాగడం కాదా? ఇక్కడ తేడా గమనించాలి. యజమాని తన అదుపులో ఉన్న అమానతు ఎటు వెళుతోందో చూస్తున్నాడా, లేక మనిషి బతుకులోకి తొంగి చూస్తున్నాడా అన్నదే కొలబద్ద. గోదాము తలుపు దగ్గర బస్తాలు లెక్కపెట్టడం కూపీ కాదు. గోదాములో పనిచేసేవాడి ఇంటికెళ్ళి అన్నం కుండ మూత తీయడం కూపీ. ఏ ఫైలు, ఎన్ని వరుసలు, ఏ సమయం అన్నంత వరకు లెక్క. అతను ఎవరితో ఏం మాట్లాడాడు, ఏ ఆసుపత్రికి అపాయింట్‌మెంట్ తీసుకున్నాడు అన్నది ఆ లెక్కలోకి రాదు.

హజ్రత్ ఉమర్ (రజి) తమ గవర్నర్లను నియమించేటప్పుడే వారి ఆస్తి వివరాలు రాయించేవారని చరిత్రకారులు చెబుతారు. ఫిర్యాదులు వస్తే విచారణకు ముహమ్మద్ బిన్ మస్లమా (రజి)ను పంపేవారు. తనిఖీ ఉంటుందని గవర్నరుకు మొదటి రోజే తెలుసు, తనిఖీకి వచ్చే మనిషి ఎవరో కూడా తెలుసు. మరోవైపు, పాలకుడు ప్రజల్లో అనుమానించదగిన విషయాల కోసం వెతకడం మొదలుపెడితే వారిని చెడగొట్టినవాడే అవుతాడన్న భావంతో ఒక హదీసు అబూదావూద్‌లో ఉంది. ఎంత లోతైన మాట! ప్రతి నిమిషం తెర మీద తనను ఎవరో చూస్తున్నారని తెలిసిన ఉద్యోగి అల్లాహ్‌కు భయపడటం మాని కెమెరాకు భయపడటం నేర్చుకుంటాడు. కెమెరా లేని మూల దొరికిన రోజున అతన్ని ఆపేది ఏమీ ఉండదు.

లౌకిక న్యాయస్థానాలు కూడా దాదాపు ఇక్కడికే వచ్చాయి. రుమేనియాలో ఒక ఇంజనీరును 2007లో ఉద్యోగం నుంచి తీసేశారు. ఆఫీసు పని కోసం తెరిచిన మెసెంజర్ ఖాతాలో తన సోదరుడితో, కాబోయే భార్యతో మాట్లాడుకున్న మాటలను కంపెనీ 45 పుటలు అచ్చు తీసి చూపించింది. 2017 సెప్టెంబరు 5న యూరప్ మానవ హక్కుల న్యాయస్థానం అతని పక్షాన తీర్పు చెప్పింది. గమనిస్తామని, ఎంతవరకు గమనిస్తామో ముందుగా చెప్పారా, అంత లోతుకు వెళ్ళవలసిన కారణం ఉందా, తక్కువ చొరబాటుతో అదే పని జరిగేది కాదా అన్నవి ఆ తీర్పు లేవనెత్తిన ప్రశ్నలు. మన దేశంలో అదే ఏడాది ఆగస్టు 24న సుప్రీంకోర్టు తొమ్మిది మంది న్యాయమూర్తుల ధర్మాసనం వ్యక్తిగత గోప్యత ప్రాథమిక హక్కేనని తీర్పునిచ్చింది.

చట్టం సంగతి క్లుప్తంగా చెప్పుకుందాం. 2000 నాటి సమాచార సాంకేతిక చట్టం 43వ సెక్షన్ ప్రకారం అనుమతి లేకుండా కంప్యూటర్ నుంచి డేటా డౌన్‌లోడ్ చేయడం, నకలు తీయడం నష్టపరిహారానికి దారితీస్తుంది. దురుద్దేశంతో చేస్తే 66వ సెక్షన్ కింద మూడేళ్ళ వరకు జైలు శిక్ష ఉంది. ఒప్పందం వల్ల చేతికొచ్చిన వ్యక్తుల వివరాలను ఒప్పందానికి విరుద్ధంగా బయటపెట్టేవారి కోసం 2008 సవరణ 72ఏ సెక్షన్‌ను చేర్చింది. 2023లో వచ్చిన డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టం యజమాని బాధ్యతను గట్టి చేసింది. వివరాలకు తగిన కాపుదల పెట్టకపోతే 250 కోట్ల రూపాయల వరకు జరిమానా ఉండవచ్చు. దాని నియమాలు 2025 నవంబరులో వెలువడ్డాయి. ప్రధాన బాధ్యతలకు 18 నెలల గడువు ఇచ్చారు. లాగ్‌లను కనీసం ఏడాది పాటు దాచాలని ఆ నియమాల్లో ఉంది. కంపెనీ రహస్యాలను కాపాడుకోవడానికి ఉద్యోగి వివరాలను యజమాని వినియోగించుకోవచ్చని కూడా అదే చట్టం చెప్పింది. అంటే యజమానికి కాపలా కాసే హక్కు ఉంది. ఆ హక్కు పేరుతో ఏమైనా చేయవచ్చని మాత్రం కాదు.

లాగ్‌లో ఒక పేరు కనబడగానే ఆ మనిషిని దొంగ అనేయడం కూడా తగదు. తన లాగిన్ తెరిచి ఉంచి నమాజుకు వెళ్ళినవాడి కుర్చీలో మరొకరు కూర్చుని ఉండవచ్చు. మేనేజరే ఫోన్ చేసి ఆ ఫైలు పంపమని ఉండవచ్చు. సమాచారం అందినప్పుడు నిర్ధారించుకోమని అల్‌హుజురాత్ సూరాలోనే 6వ ఆయతు చెప్పింది. ముందు ఏకాంతంగా పిలిచి అడగాలి. పదిమందిలో అడిగితే, రేపు నిర్దోషి అని తేలినా పోయిన పరువును ఎవరు తెచ్చిస్తారు?

కడుపుమంటతో వెళ్ళేవాడు

ఈ విషయంలో అసలు పరీక్ష ఉద్యోగం వదిలే రోజున వస్తుంది. అది కోపంతో వదిలే రోజయితే మరీను.

బ్రిటన్‌లో మోరిసన్స్ అనే పెద్ద దుకాణాల సంస్థలో ఒక సీనియర్ ఆడిటరు ఉండేవాడు. 2013లో ఒక చిన్న విషయంలో తన మీద క్రమశిక్షణ చర్య తీసుకున్నారని కక్ష పెంచుకున్నాడు. ఆ ఏడాదే బయటి ఆడిటర్లకు అందజేయమని దాదాపు లక్ష మంది ఉద్యోగుల జీతాల వివరాలు అతని చేతికే ఇచ్చారు. నకలు ఒకటి తన దగ్గర ఉంచుకుని 2014లో ఇంటర్నెట్‌లో పెట్టేశాడు. అతనికి 8 ఏళ్ళ జైలు శిక్ష పడింది. సంస్థ మీద ఉద్యోగులు వేసిన కేసు 2020 ఏప్రిల్ 1న బ్రిటన్ సుప్రీంకోర్టులో తేలింది. అతని పగ అతని సొంతం, దానికి సంస్థ బాధ్యురాలు కాదని కోర్టు చెప్పింది. అతను కసి తీర్చుకోవాలనుకున్నది యజమాని మీద. బజారున పడినవి మాత్రం తనతో కలిసి పనిచేసిన లక్ష మంది బ్యాంకు ఖాతాలు, చిరునామాలు.

కొందరు సోదరులు అడిగే ప్రశ్న ఇది: "యజమాని నా మూడు నెలల జీతం ఎగ్గొట్టాడు. ఆ లిస్టు నా దగ్గర పెట్టుకుంటే తప్పేమిటి? జీతం ఇస్తే తిరిగి ఇచ్చేస్తాను." జీతం ఎగ్గొట్టడం ఘోరమైన అన్యాయం, సందేహం లేదు. కూలివాడి చెమట ఆరకముందే కూలి ఇవ్వమన్న హదీసును మనం గోడల మీద రాసుకుంటాం, ఇచ్చేటప్పుడు మరచిపోతాం. జీతం కోసం కార్మిక శాఖకు వెళ్ళవచ్చు, కోర్టుకు వెళ్ళవచ్చు, పెద్దల్లో పెట్టవచ్చు. తనకు రావలసినది ఇవ్వనివాడి సొమ్ములోంచి తన హక్కు మేరకు తీసుకోవచ్చా అన్నదాని మీద ఫిఖా పండితుల్లో భిన్నాభిప్రాయాలున్నాయి. అబూసుఫ్యాన్ భార్య హింద్ (రజి) హదీసును అనుమతించేవారు ఆధారంగా చూపుతారు. కాని ఆ చర్చ అంతా బాకీపడ్డవాడి సొంత సొమ్ము గురించి. లిస్టులో ఉన్నది రైతుల గుట్టు. రైతు నీ జీతం ఎగ్గొట్టలేదు కదా! పైగా నమ్మినవాడి అమానతు తిరిగి అప్పగించమనీ, ద్రోహం చేసినవాడికి కూడా ద్రోహం చేయవద్దనీ దైవప్రవక్త (స) ఉపదేశించినట్లు అబూదావూద్, తిర్మిజీ గ్రంథాల్లో ఉంది.

ఉపదేశించడమే కాదు, ఆచరించి చూపారు. మక్కావాసులు ఆయన్ను (స) చంపడానికి ఇంటి చుట్టూ కాపు కాసిన రాత్రిని గుర్తుచేసుకోండి. సహచరుల ఇళ్ళు, ఆస్తులు అప్పటికే శత్రువుల పాలవుతున్నాయి. ఆ శత్రువుల సొమ్మే అమానతుగా ఆయన ఇంట్లో ఉంది. దాన్ని వెంట తీసుకుపోయినా, పరిహారం అనుకుని ఉంచుకున్నా లోకం తప్పుపట్టేది కాదేమో. ఆయన (స) హజ్రత్ అలీ (రజి)ని మక్కాలోనే ఆపి, ఎవరిది వారికి అప్పగించి రమ్మన్నారు. హజ్రత్ అలీ (రజి) ప్రాణాపాయం ఉన్న ఆ ఊళ్ళో మూడు రోజులుండి అన్నీ అప్పగించాకే మదీనా బయలుదేరారు. ఇంతకంటే బాధతో ఉద్యోగం వదిలినవారు మనలో ఎవరున్నారు?

కంపెనీయే మోసం చేస్తుంటే, తూకంలో దగా, నకిలీ మందులు, పన్ను ఎగవేత లాంటివి కళ్ళబడితే అప్పుడేమిటి? సభలో మాటలు అమానతు అని చెప్పే హదీసు, ప్రాణం తీయడం, వ్యభిచారం, అన్యాయంగా ఒకరి సొమ్ము కాజేయడం గురించిన మాటలను ఆ నియమం నుంచి తప్పించింది. దాని పరంపరలో బలహీనత ఉందని హదీసువేత్తలు అన్నారు కాని, భావం అన్నిసా సూరా 148వ ఆయతుకు అనుగుణంగానే ఉంది. అన్యాయానికి గురైనవాడు గొంతెత్తవచ్చని ఆ ఆయతు చెబుతుంది. కనుక నేరానికి సంబంధించిన ఆ ఒక్క కాగితాన్ని, ఆ పని చూసే అధికారికి చూపడం ద్రోహం కాదు. నేరం వంకతో మొత్తం ఖజానా దింపుకుని పోటీదారుకు ఇవ్వడం మాత్రం సాక్ష్యం కాదు, వ్యాపారం.

ఇక యజమానుల వంతు. మనిషి వెళ్ళిపోయిన రోజే అతని లాగిన్ మూసివేయాలి. ఇది అతన్ని అవమానించడం కాదు, రేపు ఏదైనా జరిగితే నింద అతని మీద పడకుండా కాపాడటం కూడా. జీతం బాకీ లేకుండా తీర్చి, పని అనుభవం కాగితం ఇచ్చి, అతని సొంత ఫోటోలు, కాగితాలు కంప్యూటర్లో ఉంటే అతని చేతికివ్వాలి. అది అతని అమానతు.

పాత ఉద్యోగాల నుంచి తెచ్చుకున్న ఫైళ్ళు ఇప్పటికే ఇంట్లో ఉన్నవారు ఏం చేయాలి? తౌబా చేసుకోవాలి, అయితే ఇది మనుషుల హక్కుతో ముడిపడిన విషయం కనుక తౌబాతో పాటు చేయవలసిన పనులున్నాయి. ఫైలును ఇంకా ఎవరికీ ఇవ్వకపోతే, పెన్‌డ్రైవ్‌లో, ఈమెయిల్‌లో, ఫోన్ మెమరీలో, గూగుల్ డ్రైవ్‌లో ఎక్కడెక్కడ నకళ్ళున్నాయో వెతికి అన్నీ చెరపాలి. రీసైకిల్ బిన్‌లో ఉన్నంతకాలం చెరిపినట్టు కాదు. పాత కంపెనీ దగ్గర లేని అసలు కాగితం ఏదైనా ఉంటే ముందు దాన్ని తిరిగి పంపాలి. ఇప్పటికే ఎవరికైనా ఇచ్చి ఉంటే, వారి దగ్గర చెరిపించే ప్రయత్నం చేయాలి. పాత యజమానికి తెలియజేయాలి, ఆయన తన రైతులను అప్రమత్తం చేసుకునే అవకాశం ఉన్నప్పుడు మరీ ఆలస్యం చేయకూడదు. అమ్మి డబ్బు తీసుకుని ఉంటే ఆ డబ్బు తనది కాదు. నష్టపోయినవారు తెలిస్తే వారికి చేర్చాలి, ఎంత వెతికినా తెలియకపోతే వారి పేరిట దానం చేయాలి. ఆ డబ్బుతో కొన్న బండి మీద తిరుగుతున్నవారు ఆ లెక్కను తమ ఊరి ఆలిమ్ దగ్గర కూర్చుని తేల్చుకోవడం మంచిది.